చెంప ఆనించిన మనిషి

"ఇంకా ఎందుకురా విప్పడం? వాసన చాల్లేదా?" అన్నాడు ముసలాయన కుర్చీలోంచి.

పెద్దకొడుకు వినిపించుకోలేదు. తాము ఉతికి పంపితే లాయరమ్మ డ్రైవరు తిరిగి తెచ్చి వాకిట్లో దించేసి, మంచినీళ్ళయినా అడక్కుండా వెళ్ళిపోయిన తివాచీ చుట్టను మోకాలితో నెట్టుకుంటూ వరండా పొడుగునా పరిచాడు.

అంచునున్న ఎరుపు మీగడరంగు నడిభాగంలోకి దిగిపోయింది. పువ్వులకూ తీగలకూ హద్దు లేకుండా పోయింది. తిరగేసి చూస్తే వెనక అల్లికంతా నల్లటి మచ్చలు. ముక్కిపోయిన ఉన్ని వాసన ఇల్లంతా కమ్ముకుంది.

పెద్దకోడలు గుమ్మం దాటి బయటికి రాలేదు. ఆ తివాచీ ఎప్పుడు, ఎలా ఈ ఇంట్లోంచి వెళ్ళిందో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"లాయరమ్మ ఫోన్లో తిట్టినా బాగుండేది నాన్నా" అన్నాడు ఆమె భర్త. "పదేళ్ళుగా మిమ్మల్ని నమ్మానండీ, కార్పెట్ పోతే పోయింది, కింద చెక్కనేల కూడా ఉబ్బిపోయింది అని పెట్టేసింది. ఆవిడ మాట మీదే కదా క్లబ్బు వాళ్ళు మనకి పనివ్వబోయేది. ఇక అదీ పోయినట్టే."

ఆయన మాట తండ్రితో. చూపు మాత్రం వాకిట్లో వ్యానుకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడి మీద. నలభయ్యో పడికి దగ్గరపడుతున్నా ఆ ఇంట్లో అతను చిన్నోడే. పెళ్ళయినా చిన్నోడే, వ్యాను కొన్నా చిన్నోడే, తప్పు జరిగితే మరీ చిన్నోడు.

"మాట్లాడవేంరా? పొద్దున తీసుకెళ్తాం, సాయంత్రానికి ఇచ్చేస్తాం, అదీ సగం ధరకే అని ఊరంతా కాగితాలు పంచావుగా. ఇదిగో, సాయంత్రానికి ఇచ్చింది. కళ్ళారా చూసుకో."

"ఇది సగం ధర పని కాదన్నయ్యా" అన్నాడు చిన్నోడు. "లాయరమ్మ పూర్తి ధరే ఇచ్చింది."

"అది ఇంకా దరిద్రం. పూర్తి ధర పుచ్చుకుని సగం పని చేశావన్నమాట!"

చిన్నోడు ఏదో అనబోయాడు. అనబోతూ ఒక్కసారి వదిన వైపు చూశాడు. చూసి, ఆ మాట మింగేసి ఇంకో మాట అందుకున్నాడు.

"నీ మూడురోజుల ఉతుకు కోసం ఇప్పుడెవడు ఆగుతున్నాడో చెప్పన్నయ్యా. మెయిన్‌రోడ్డు మీద కొత్తగా పెట్టినవాడు గంటలో ఇంటికొచ్చి కడిగిపోతున్నాడు. జనానికి అదే కావాలి. నేనా సగం ధర పనులు పట్టుకురాకపోతే షెడ్డుకి తాళం పడి ఏడాదయ్యేది."

"వాడు చేసేది పైపై పని. సబ్బంతా లోపలే ఉండిపోతుంది. నెల తిరక్కుండా ముందుకన్నా ఎక్కువ మురికి పట్టిపోతుంది."

"పట్టనీ. మళ్ళీ పిలుస్తారు."

ముసలాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "నోరు ముయ్యరా! మనం కడిగిన తివాచీ నెలలో మాసిపోతే మన మొహం మాసిపోయినట్టు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అదంతా సరే. దీనికి చెంప పెట్టిందెవరు?"

చెంప పెట్టడం ఆ ఇంటి కట్టడి. ముసలాయన వయసులో ఉండగా పెట్టింది. కడిగి ఆరేసిన తివాచీ మీద ఇంట్లో ఒకళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, చెంప ఆనించి చూస్తేగానీ దాన్ని చుట్టడానికి వీల్లేదు. చేతులు నీళ్ళల్లో నాని మొద్దుబారిపోయి ఉంటాయి, వాటిని నమ్మకూడదంటాడాయన. చెంప అబద్ధం చెప్పదట. ఎవరు చెంప పెడితే ఆ తివాచీ పూచీ వాళ్ళది. మోకాళ్ళు పట్టేశాక ఆయన వంగలేకపోయాడు. ఆ పెద్దరికం కొడుకుల్ని దాటి పెద్దకోడలికి వచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగలు ఏమైపోయాయో ఆమె పట్టించుకోలేదుగానీ, ఈ ఒక్కటి మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

భర్త తివాచీ దగ్గర కూర్చున్నాడు. పక్కనున్న చెంబులో వేళ్ళు ముంచి, తివాచీ మూల తడిపి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. రుద్దినచోట చాలాసేపు చూశాడు. వేళ్ళు లుంగీకి తుడుచుకుని లేచాడు.

"ఎవరూ పెట్టుండరు. ఈమె పెట్టుంటే పంపనిచ్చేదా? నేను ఊళ్ళో లేని రోజు చూసి, వదినకైనా చెప్పకుండా వీడే చుట్టి పంపేశాడు. అంతేనా?"

అంతేనా అని అడిగింది తమ్ముణ్ణి. అడుగుతూ చూసింది మాత్రం భార్యని.

నేనే పెట్టానండీ అంటే అయిపోతుంది. రెండు ముక్కలు. ఇన్నాళ్ళూ ఆమె మరిదిని ఆ చెంప పేరుతోనే సాధించింది. "నీ ఆరబెట్టే బ్లోయర్లూ నువ్వూను, ఉన్నిని చూస్తే జాలైనా లేదు" అని పదిమందిలో అంది. ఆ పదిమంది ముందూ ఇప్పుడు ఆ రెండు ముక్కలు అనాలి. తల కొట్టేసినట్టుంది.

"అంతే" అన్నాడు చిన్నోడు.

"విన్నావా నాన్నా? ఒప్పుకున్నాడు." భర్త గొంతులో కోపం కన్నా ఇంకేదో ఉంది. "సాయంత్రానికల్లా ఇచ్చేయడం నీకు అలవాటేగా. నువ్వుంటున్న ఆ వెనక రెండు గదులూ సాయంత్రానికల్లా ఖాళీ చేసిచ్చేయ్. నీ వ్యాను నీది, నీ సగం ధర నీది. మా పేరు మాత్రం ఎక్కడా వాడకు."

ముసలాయన వద్దనలేదు. కర్ర మీద గడ్డం ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

*

వంటింట్లోకి వచ్చి పెద్దకోడలు కుళాయి విప్పింది. కడగడానికి ఒక్క గిన్నె కూడా లేదు. నీళ్ళు ఊరికే పోతున్నాయి.

ఆ తివాచీ ఇచ్చిన రోజు లాయరమ్మ తనే వచ్చింది. మామగారూ తోటికోడలూ పొద్దున్నే ఆస్పత్రికెళ్ళి చీకటి పడేదాకా రాలేదు. ఇంటికి చుట్టాలొస్తున్నారు, సాయంత్రానికి కావాలంది. "కుదరదని తెలుసులేమ్మా, అయినా అడుగుతున్నా. లేకపోతే మెయిన్‌రోడ్డు వాళ్ళకే ఇస్తాను" అంది. ఆ చివరి మాట పెద్దకోడలికి కారం రాసినట్టయింది. కుదురుతుందండీ అనేసింది. త్వరగా ఇస్తాం, శుభ్రంగా ఇస్తాం, మా ధరకే ఇస్తాం. త్వరగా చేయాలంటే నాసిగానే చేయాలనే మరిదికీ, బాగా చేయాలంటే నిదానంగానే చేయాలనే మొగుడికీ ఒక్కరోజులో బుద్ధి చెప్పాలనుకుంది.

తెల్లగుడ్డ తడిపి ఒక్కో రంగు మీదా అద్ది చూసింది. ఏ రంగూ గుడ్డకి అంటలేదు. తన పద్ధతిలోనే కడిగింది. సబ్బు పూర్తిగా పోయేదాకా రెండుసార్లు జాడించింది. అప్పటికే ఎండ వాలిపోయింది. చిన్నోడి బ్లోయర్ తెప్పించింది.

"వదినా, ఇన్ని నీళ్ళు తాగినదానికి నా బ్లోయర్ సరిపోదు" అన్నాడతను. "నేను కడిగేది పైపైనే, అందుకే ఆరుతుంది. దీన్ని రేపిద్దాం."

"నాకు నేర్పకు" అంది.

బ్లోయర్ ఆపీ ఆపగానే వంగి చెంప ఆనించింది. వెచ్చగా తగిలింది. చుట్టెయ్యమంది. ఎండలో ఆరిన తివాచీని నీడలోకి లాగి చల్లారాక చెంప పెట్టాలని మామగారు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. అది ఎండ సంగతి కదా అనుకుంది. పైన వేడి, అడుగున తడి; ఆ తడి అలాగే నిలిచిపోయి తర్వాత రంగులు దించింది. ఆ వేడి ఆమెను మోసం చేసింది. మరిది చవకపని చేసుంటే ఆ తివాచీ ఆరిపోయేది. మొగుడి నిదానప్పని చేసుంటే మెరిసిపోయేది. రెండూ తనకే వచ్చనుకుని రెంటినీ చెడగొట్టింది.

"అక్కా."

తోటికోడలు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో రెండు స్టీలు డబ్బాలు.

"ఇవి మీవే అక్కా. మొన్న పప్పులకని తీసుకెళ్ళాను."

"ఉంచుకోవే."

"వద్దక్కా. ఇంకో మాట రాకూడదు." డబ్బాలు గట్టు మీద పెట్టింది. వెళ్ళబోయి ఆగింది. "తప్పు ఆయనదే. అక్క దగ్గర కూర్చుని పని నేర్చుకోండి, అక్కలాగా ఒక్క తివాచీ కడిగి చూపించండి అని ఎన్నిసార్లు పోరానో. నా మాట వింటేగా. మీరు మాత్రం మమ్మల్ని మనసులో పెట్టుకోకండి అక్కా."

పెద్దకోడలు కుళాయి కట్టేసింది. తోటికోడలి చెయ్యి పట్టుకోబోయి, తన చెయ్యి తడిగా ఉందని మానేసింది.

*

షెడ్డులో చిన్నోడు బ్లోయర్ తీగ చుడుతున్నాడు. వదిన వచ్చిన అలికిడి విని కూడా తలెత్తలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు?" అందామె.

"ఏం చెప్పాలి?"

"నీకు తెలీదా ఏం చెప్పాలో?"

"చెప్తే నమ్ముతారా వదినా?" తీగ ముడి బిగించాడు. "మీ మీద నేను చెప్పాలి, అన్నయ్య వినాలి, నాన్న తలూపాలి! తప్పు చేసి పైగా వదిన మీద తోస్తున్నాడని ఇంకో రెండు అంటించేవాళ్ళు. ఈ ఇంట్లో మీ మాట కడిగి ఆరేసిన మాట. నా మాట వ్యాన్లో తిరిగే మాట."

"అంతేనని ఎందుకన్నావు మరి?"

అప్పుడు తలెత్తాడు. "మీరంటారేమోనని చాలాసేపు చూశాను. మీరు అనలేదు. ఎవరో ఒకళ్ళు అనాలి కదా."

బ్లోయర్ ఎత్తి భుజాన వేసుకుని ఆమెను తప్పుకుని వెళ్ళాడు. తిట్టినా ఆమెకు ఇంత మంట పుట్టేది కాదు.

*

గదిలో భర్త ఫోన్లో లాయరమ్మతో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

"అవునండీ... మా తమ్ముడే. వాణ్ణి ఇవాళే వేరు చేసేశాను. ఇకమీదట ప్రతిదీ మా ఆవిడ చేతి మీదుగానే... అదేనమ్మా, మీతో ఒప్పుకున్నది తనే, కడిగి చుట్టింది మాత్రం వాడు... నేల బాగుచేయించే పూచీ నాది... చాలా సంతోషమండీ."

ఫోన్ పెట్టేసి ఊపిరి పీల్చుకున్నాడు. చాలారోజుల తర్వాత ఆయన మొహంలో కళ కనిపించింది.

"కరిగిందే! తప్పు చేసినవాణ్ణి దాచుకోకుండా పంపేశారు చూడండి, అదీ మర్యాద అంది. క్లబ్బు వాళ్ళకి కూడా తనే చెప్తుందట. మన ధరకే."

"ఏవండీ" అంది ఆమె. "దానికి చెంప పెట్టింది నేను."

ఆయన ఫోను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"కడిగింది కూడా నేనే. వాడు వద్దన్నాడు, రేపిద్దామన్నాడు. నేనే వినలేదు. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు."

"నాకు తెలుసు."

ఆమెకు సరిగా వినిపించిందో లేదో అర్థం కాలేదు.

"మూల తడిపి రుద్దాను కదా. చుక్క నురుగు రాలేదు" అన్నాడాయన. "మనవాడు కడిగినదాన్ని తడిపితే ఆర్నెల్ల తర్వాత కూడా సబ్బు కక్కుతుంది. అంత శుభ్రంగా జాడించే చెయ్యి ఈ ఇంట్లో ఒకటే."

"తెలిసీ..."

"నెమ్మదిగా. నాన్న వింటాడు."

"తెలిసీ వాణ్ణి వెళ్ళగొట్టారా? తోడబుట్టిన తమ్ముణ్ణి?"

"వాడున్నంతకాలం మన ధర నిలబడదే. ఒకే గుమ్మంలో ఒకడు సగానికి చేస్తానంటుంటే రెండోవాడికి పూర్తి ధర ఎవడిస్తాడు? ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఊరికే పొమ్మంటే నాన్న ఒప్పుకోడు. ఇప్పుడు ఒప్పుకున్నాడు." గొంతు మెత్తబడింది. "నువ్వేం చెయ్యలేదు. నువ్వు ఊరుకున్నావంతే. నేనూ ఊరుకున్నాను. ఇద్దరం ఊరుకుంటే ఇల్లు నిలబడుతుంది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషిని చూసి ఆమెకు భయం వేయడం అదే మొదటిసారి. ఆయన కోప్పడుతున్నందుకు కాదు, అంత మెత్తగా మాట్లాడుతున్నందుకు. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. ఆ మాటలు వింటుంటే, ఔను నిజమే కదా అని లోపల ఒక మూల ఎక్కడో చల్లబడింది. ఆ చల్లదనం మీద ఆమెకు అసహ్యం పుట్టింది.

లేచి నిలబడింది.

"ఎక్కడికి?"

ఆమె గడప దాటేసింది.

*

వాకిట్లో వ్యాను నిండిపోయింది. పరుపులూ, కుండీలూ, గోడ గడియారం, పాత ఫ్యానూ. పైన తాడు బిగిస్తున్నాడు చిన్నోడు. తోటికోడలు ముసలాయన కాళ్ళకి దండం పెడుతోంది. ఆయన చెయ్యి ఆమె తల మీద పెట్టాలా వద్దా అన్నట్టు మధ్యలోనే ఉంది. వరండాలో తివాచీని ఎవరూ చుట్టలేదు. అందరూ దాని చుట్టూ తిరిగి నడుస్తున్నారు.

పెద్దకోడలు చుట్టూ తిరగలేదు. తిన్నగా తివాచీ మీదుగా నడిచి వచ్చి మామగారి ఎదురుగా నిలబడింది.

"మామయ్యగారూ, ఆ తివాచీకి చెంప పెట్టింది నేను."

ముసలాయన తలెత్తాడు.

"వాడు కాదు. వాడు వద్దన్నాడు. ఇంకా ఆరలేదన్నాడు. నేనే వేడి మీద చెంప పెట్టి, చుట్టెయ్యమన్నాను. పంపాల్సింది నన్ను."

అనేశాక ఆమె గుండె తేలికపడింది. ఇక ఏమైనా కానీ అనుకుంది. తిడితే తిట్టనీ, ఇక మీదట చెంప పెట్టొద్దంటే అననీ.

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత మనసమ్మా నీది! ఇల్లు ముక్కలు కాకూడదని ఆ నింద కూడా నీ నెత్తినేసుకుంటున్నావా?"

"కాదు మామయ్యగారూ, నిజంగానే..."

"నువ్వు చెంప పెట్టినదేదీ వెనక్కి రాలేదమ్మా. ఒక్కటంటే ఒక్కటి. నాకు తెలీదా?"

"అక్కా!" తోటికోడలు పరుగున వచ్చి ఆమె భుజం మీద తల వాల్చి భోరుమంది. "మా కోసం మీరు అబద్ధం ఆడొద్దక్కా. ఆయనే ఒప్పుకున్నారుగా. మేమేదో మా తిప్పలు మేం పడతాం. మీ రుణం ఎలా తీర్చుకోవాలి?"

"అబద్ధం కాదే, నా మాట విను!" పెద్దకోడలు ఆమెను విదిలించుకోబోయింది. విదిలించుకునేకొద్దీ ఆ పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది. "చిన్నోడా, నువ్వు చెప్పు! చెప్పరా!"

వ్యాను మీద నుంచి చిన్నోడు కిందికి దిగాడు. వదిన మొహంలోకి చూశాడు. మొదటిసారి అతని మొహంలో ఆమె మీద కొంచెం జాలి కనిపించింది.

"చెప్పానుగా వదినా" అన్నాడు. "నమ్మరని."

వెనక చెప్పుల చప్పుడైంది. భర్త గుమ్మం దాటి వచ్చి వరండా మెట్టు మీద నిలబడ్డాడు. అందర్నీ ఒకసారి చూశాడు. పరిస్థితి అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"చూశావురా?" అన్నాడు తమ్ముడితో. "నువ్వింత చేసినా, మీ వదిన నీకోసం ఎంత మాట పడటానికి సిద్ధపడిందో చూశావా?"

ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

పెద్దకోడలు తోటికోడలి చేతులు విడిపించుకుంది. ఈసారి గట్టిగానే. మొగుడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా అంది.

"ఏవండీ, మీరు చెప్పండి. మూల తడిపి రుద్దారు కదా. ఏం కనిపించిందో మామయ్యగారికి చెప్పండి."

ముసలాయన కర్ర మీద బరువు వేసి కుర్చీలోంచి లేవబోయాడు. "ఏం కనిపించిందిరా?"

పెద్దకొడుకు భార్యకేసి చూడలేదు. తండ్రికేసీ చూడలేదు. వరండాలోకి వెనుదిరిగి, తివాచీ అంచు పట్టుకుని, తాను తడిపిన మూలే ముందు లోపలికి పోయేలా దాన్ని చుట్టడం మొదలుపెట్టాడు.